బొమ్మ లావెక్కితే, మాట వెనకబడితే
(వీడియో కూర్పులో వచ్చే చిక్కులు – వాటి కారణాలు)

సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, నక్షత్రాల గురించో పరమాణువు గురించో రాద్దామనుకున్నాను. కాని వాటిని నాకంటె ఎన్నో రెట్లు బాగా చెప్పగల అధ్యాపకులు మనకున్నారు. నా అంతట నేను పాడుచేసి, నా అంతట నేను బాగుచేసుకున్న సంగతి మాత్రం ఒకటుంది. అదే రాస్తున్నాను. ఈ రోజుల్లో మనలో వీడియో తీయనివాళ్ళు అరుదు. తీసిన ముక్కల్ని అతికించి ఒక కూర్పు చేయబోతే వచ్చే చిక్కులు మాత్రం అందరికీ ఒక్కలాంటివే.

మాది వ్యవసాయ కుటుంబం. మా తాతయ్య 2023లో పోయాడు. ఫొటో అంటేనే ముఖం తిప్పుకునే మనిషి. ఆయన కదిలే బొమ్మలు మాకు రెండే మిగిలాయి. ఒకటి, 2002లో మా అమ్మానాన్నల పెళ్ళికి తీయించిన వీడియో క్యాసెట్టు. రెండోది, 2022లో ఒక సాయంత్రం గేదెల చావిట్లో ఆయన మాట్లాడుతుంటే నేను ఫోనులో తీసిన నాలుగు నిమిషాల ముక్క. సంవత్సరీకానికి బంధువులంతా వస్తారు గదా, ఈ రెండూ కలిపి చూపిద్దామని నాకు ఆలోచన వచ్చింది. క్యాసెట్టును పట్నంలో ఒక స్టూడియోలో ఇచ్చి పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాను. ఒక ఉచిత ఎడిటింగు సాఫ్టువేరు దింపుకొని, రెండు రాత్రులు మేలుకొని, పన్నెండు నిమిషాల కూర్పు తయారుచేశాను.

సంవత్సరీకం ఇంకా ఆరు రోజులుందనగా ఇంట్లోవాళ్ళకు టీవీలో వేసి చూపించాను. పెళ్ళిపందిట్లో భోజనాల పంక్తి వెంట తాతయ్య నడిచి వస్తున్నాడు. నాయనమ్మ కళ్ళద్దాలు సర్దుకొని, "ఈ లావుపాటాయన ఎవర్రా?" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నిజమే, మా తాతయ్య బక్కపలచని మనిషి. తెరమీద మాత్రం మిల్లు షావుకారులా ఉన్నాడు. అదీగాక నడిచినప్పుడల్లా ఆయన చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు. తరువాత చావిడి ముక్క వచ్చింది. మొదట బాగానే ఉంది. పోనుపోను పెదవులు ముందు కదలడం, మాట వెనక రావడం మొదలైంది. నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆరు రోజుల్లో నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. మొత్తం సారాంశం ముందే చెప్పేస్తాను. ఏ ముక్కనైనా టైమ్‌లైన్ మీద పెట్టకముందే మూడు ప్రశ్నలు అడగాలి. నువ్వు ఏ సంచిలో వచ్చావు? నీ నడక ఎంత? నీ ఆకారం ఏమిటి? అడగకుండా పెడితే సాఫ్టువేరు తనకు తోచిన జవాబు తానే వేసుకుంటుంది. చిక్కులన్నీ అక్కడే పుడతాయి.

సంచి వేరు, సరుకు వేరు

ఫైలు పేరు చివర ఎంపీ4 అనో, ఏవీఐ అనో, ఎంఓవీ అనో ఉంటుంది. అదే వీడియో రకం అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నిజానికి అది సంచి పేరు మాత్రమే. దీన్నే కంటెయినర్ అంటారు. గోనెసంచి చూసి లోపల వడ్లున్నాయో పెసలున్నాయో చెప్పలేం గదా. లోపలి సరుకును ఏ పద్ధతిలో కుదించి కట్టారో చెప్పేది కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264 ఒక కోడెక్. 2013లో వచ్చిన హెచ్.265 మరొకటి. అదే నాణ్యతను ఇంకా తక్కువ చోటులో సర్దుతుంది గాని, విప్పడానికి కంప్యూటరుకు ఎక్కువ శ్రమ.

మా చావిడి ముక్క కంప్యూటరులో మొదట తెరుచుకోలేదు. మాట వినబడింది, బొమ్మ నల్లగా ఉంది. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఫైలు పేరు చివర ఎంపీ4 తీసేసి ఏవీఐ అని రాశాను. సంచి మీద చీటీ మార్చితే లోపల పెసలు వడ్లవుతాయా? అసలు కారణం, మా పాత కంప్యూటరులో హెచ్.265 విప్పే ఏర్పాటు లేదు. దాన్ని హెచ్.264 లోకి మార్చుకుంటే సరిపోయింది. ఇందుకు హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనాలున్నాయి. సంచిలో ఏముందో విప్పకుండానే చెప్పడానికి మీడియాఇన్ఫో అనే మరో ఉచిత సాధనం ఉంది. కోడెక్, ఫ్రేమ్ రేటు, కొలతలు అన్నీ ఒక్క పేజీలో చూపిస్తుంది. డాక్టరు మందు రాయకముందు నాడి చూసినట్టు, కూర్పు మొదలుపెట్టకముందు ప్రతి ముక్కకూ ఈ పరీక్ష చేయాలి.

నడక కలవని జోడు

వీడియో అంటే వరసగా చూపించే నిశ్చల చిత్రాలే. ఒక్కో చిత్రం ఒక ఫ్రేమ్. సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నదే ఫ్రేమ్ రేటు. లోకమంతా ఒకే సంఖ్య వాడితే ఏ గొడవా లేదు. కాని అలా జరగలేదు.

1920ల చివర సినిమాకు మాటలు వచ్చినప్పుడు సెకనుకు 24 ఫ్రేములు స్థిరపడ్డాయి. టెలివిజన్‌కు మాత్రం కరెంటుతో ముడిపడింది. మా బోరు షెడ్డులో మోటారు మీద ఉన్న రేకు చూడండి, 50 హెర్ట్జ్ అని ఉంటుంది. మన దేశంలో ఏ మోటారు మీద చూసినా అంతే. ఆ 50లో సగం 25. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాల టీవీ సెకనుకు 25 ఫ్రేములు తీసుకుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 30. 1953లో అక్కడ రంగుల టీవీ విధానం వచ్చినప్పుడు, రంగు సంకేతం శబ్ద సంకేతంతో పేచీ పడకుండా ఆ 30ని కాస్త తగ్గించి 29.97 చేశారు. మన దేశానికి 1982లో పాల్ పద్ధతిలో రంగుల టీవీ వచ్చింది. దాని నడక 25. అందుచేత మా పెళ్ళి క్యాసెట్టు నడక 25. నా ఫోను నడక 30.

నడక కలవని రెండెద్దుల్ని ఒకే కాడికి కడితే ఏమవుతుందో పల్లెటూరి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 25 టైమ్‌లైన్ మీద 30 ముక్కను పెడితే సాఫ్టువేరు ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసి పారేస్తుంది. సెకనుకు ఐదు పోతాయి. మనిషి నడుస్తుంటే కుదుపులా కనబడేది అదే. కొన్ని సాఫ్టువేర్లు పారేయకుండా పక్కపక్క ఫ్రేముల్ని కలిపేస్తాయి. అప్పుడు కదిలే చేతికి నీడచెయ్యి తోడవుతుంది. పోనీ ఒక్క ఫ్రేమూ వదలకుండా 30ని 25గా నడిపిస్తే, పది నిమిషాల ముక్క పన్నెండు నిమిషాలవుతుంది. మాట సాగిపోతుంది.

అయితే దీనికి విరుగుడేమిటి? కూర్పులో ఏది ముఖ్యమో, ఏది ఎక్కువో దాని నడకనే టైమ్‌లైన్‌కు ముందుగా నిర్ణయించుకోవాలి. ముక్కలన్నీ పేర్చాక మార్చబోతే కోతలన్నీ చోటు తప్పుతాయి. కొన్ని సాఫ్టువేర్లు అసలు మార్చనివ్వవు. నేను 25 పెట్టుకున్నాను. చావిట్లో తాతయ్య కూర్చునే ఉన్నాడు కాబట్టి పోయిన ఫ్రేములు కంటికి ఆనలేదు. కదలిక ఎక్కువ ఉన్న ముక్క అయితే ఈ కుదుపు పూర్తిగా పోదని ఒప్పుకోవాలి.

మాట వెనకబడడానికి కారణం ఇది కాదు. అది ఇంకా చిత్రమైనది. ఫోను 30 అని చెబుతుందే గాని అంతటా 30 తీయదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు వెలుగు పట్టాలి గనుక, నడక నెమ్మది చేసుకుంటుంది. దీన్ని మారే ఫ్రేమ్ రేటు అనవచ్చు. శబ్దం మాత్రం ఒకే వేగంతో, సాధారణంగా సెకనుకు 48,000 నమూనాల చొప్పున, నమోదవుతూ పోతుంది. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. 30 చొప్పున 7,200 ఫ్రేములుండాలి. చీకటి పడుతున్న చావిట్లో నా ఫోను తీసినవి సుమారు 7,140. నా సాఫ్టువేరు వీటిని సమానంగా 30 చొప్పున నడిపించింది. బొమ్మ 238 సెకన్లకే అయిపోయింది. మాట 240 దాకా ఉంది. చివరికి వచ్చేసరికి రెండు సెకన్ల ఎడం! మొదట్లో తేడా కనబడక, పోనుపోను పెరగడానికి కారణం ఇదే. ఆరంభం నుంచి చివరిదాకా తేడా ఒక్కలాగే ఉంటే శబ్దాన్ని కాస్త జరిపితే చాలు. తేడా పెరుగుతూ పోతోందంటే రోగం ఫ్రేమ్ రేటులో ఉందని గుర్తు. హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటు అనే గడి ఎంచుకొని ఆ ముక్కను మళ్ళీ తయారుచేసుకున్నాను. మాట పెదవుల దగ్గరకు వచ్చింది.

ఇక దువ్వెన పళ్ళ సంగతి. పాత టీవీ పద్ధతిలో ఒక ఫ్రేమును ఒకేసారి చూపించేవారు కాదు. ముందు బేసి గీతలన్నీ, సెకనులో యాభయ్యోవంతు గడిచాక సరి గీతలన్నీ. పొలంలో సాలు విడిచి సాలు విత్తి, మళ్ళీ వచ్చి మధ్య సాళ్ళు పూరించినట్టన్నమాట. పెద్ద గాజు గొట్టం ఉన్న పాత టీవీలకు అది చక్కగా అమరింది. నేటి తెరలు రెండింటినీ కలిపి ఒకేసారి చూపిస్తాయి. ఈలోగా మనిషి కదిలాడు గదా, బేసి గీతల్లో చెయ్యి ఒకచోట, సరి గీతల్లో ఇంకొకచోట ఉంటుంది. అవే పళ్ళు. వీటిని తీయడాన్ని డీఇంటర్‌లేసింగ్ అంటారు. అన్ని ముఖ్య సాఫ్టువేర్లలోనూ ఉంది. ఒక్క జాగ్రత్త: ముందు పళ్ళు తీయాలి, తరువాతే బొమ్మ సైజు పెంచాలి. సైజు ముందు పెంచితే సాళ్ళు కలిసిపోతాయి, ఇక విడదీయలేం.

మడి కొలత

లావు సంగతికి వద్దాం. బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని యాస్పెక్ట్ రేషియో అంటారు. తొలి సినిమా ఫిల్ము మీద అది 4:3. టీవీ దాన్నే అనుసరించింది. టీవీ పోటీకి జవాబుగా సినిమా వెడల్పయింది. హాలీవుడ్‌లో సినిమాస్కోప్ 1953లో వచ్చింది. మన తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. ఆ తరువాతి కాలంలో రెండింటికీ మధ్యేమార్గంగా 16:9 కుదిరింది. నేటి టీవీలు దాదాపు అన్నీ అదే.

4:3 బొమ్మను 16:9 తెర నిండా సాగదీస్తే వెడల్పు సరిగ్గా మూడో వంతు పెరుగుతుంది. 15 అంగుళాల భుజాలు 20 అంగుళాలవుతాయి. ఎత్తు పెరగదు. మా తాతయ్య షావుకారు అయింది ఇలాగే. సాగదీసిన దాన్ని మళ్ళీ నొక్కవచ్చు, పెద్ద నష్టం లేదు. కాని స్టూడియోవాళ్ళు కొన్నిచోట్ల సాగదీయకుండా పైనా కిందా కోసి తెర నింపారు. అలా చేస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. తాతయ్య తలపాగా పోయింది ఆ నాలుగో వంతులోనే. అది ఏ సాఫ్టువేరుతోనూ తిరిగిరాదు.

అదృష్టమేమిటంటే, పెన్‌డ్రైవులోకి వచ్చింది గదా ఇంకెందుకని నాన్న పారేయబోయిన క్యాసెట్టును నాయనమ్మ తీసుకొని ట్రంకుపెట్టెలో, పట్టుచీరల మధ్య, కలరా ఉండలు వేసి దాచింది. మళ్ళీ పట్టుకెళ్ళాను. స్టూడియో ఆయన మంచివాడే. "తెర నిండకపోతే జనం పోట్లాటకొస్తారు తమ్ముడూ, అందుకని అలా చేస్తాం" అన్నాడు. ఉన్నది ఉన్నట్టే ఇమ్మన్నాను. ఇచ్చాడు. కొలత 720 × 576.

ఇక్కడ ఇంకొక చిక్కు. 720ని 576తో భాగిస్తే 1.25 వస్తుంది. 4:3 అంటే 1.33 రావాలి గదా! రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. నాట్లు వేసే మడిని తలుచుకుంటే తేలిపోయింది. ఒక మడిలో వరసకు 720 కుదుళ్ళు, మొత్తం 576 వరసలు ఉన్నాయనుకుందాం. అంతమాత్రాన మడి ఆకారం తెలుస్తుందా? కుదురుకూ కుదురుకూ మధ్య ఎడం, వరసకూ వరసకూ మధ్య ఎడం సమానమో కాదో కూడా తెలియాలి. ఈ పాత వీడియోలో పిక్సెళ్ళు చదరం కావు, అడ్డంగా కొద్దిగా వెడల్పు. నేటి కంప్యూటరు తెరల పిక్సెళ్ళు చదరం. ఆ సంగతి చెప్పకపోతే బొమ్మ ఈసారి సన్నబడుతుంది. 768 × 576గా మార్చితే 4:3 వచ్చేస్తుంది.

1920 × 1080 తెర మీద దీన్ని పెంచి పెడితే 1440 × 1080 అవుతుంది. ఎడమన 240, కుడిన 240 నల్లగా మిగులుతాయి. మిగలనివ్వాలి. అలాగే ఫోను నిలువుగా పట్టుకొని తీసిన ముక్క అదే తెర మీద సుమారు 608 మాత్రమే ఆక్రమిస్తుంది. దాన్నీ సాగదీయరాదు. ఇంకొక భ్రమ కూడా వదులుకోవాలి. ఆ క్యాసెట్టులో అడ్డంగా ఉన్న వివరం సుమారు 240 గీతలే. దాన్ని 4కే చేశానని చెప్పుకున్నా, లేని వివరం పుట్టదు. ఎకరంలో పండినదాన్ని పదెకరాల కళ్ళంలో ఆరబోసినంత మాత్రాన గింజలు పెరగవు.

ఐదోరోజు రాత్రి మళ్ళీ వేశాను. ఈసారి నాయనమ్మను నేను పిలవలేదు. తనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తాతయ్య పంక్తి వెంట నడిచి వచ్చాడు. చావిట్లో కూర్చొని, దూడ పాలు మరిచిపోయిందని ఏదో చెబుతున్నాడు. అంతా అయ్యాక, "పక్కన ఆ నల్లటిదేంట్రా?" అని అడిగింది. "అప్పటి బొమ్మ అంతే వెడల్పు నాయనమ్మా" అన్నాను. "సరే, ఉండనీ. ఇంకోసారి పెట్టు" అంది.

మన వార్షికోత్సవం సంగతి

ఇదంతా ఇంటి గొడవ అని కొట్టిపారేయకండి. ఈ ఏడాది వార్షికోత్సవం వీడియో కూర్పు మిత్రులు నాకే అప్పగించారు. పదకొండుమంది ఫోన్లనుంచి ముక్కలు వచ్చాయి. వాటిలో 24, 25, 30, 60 నడకలన్నీ ఉన్నాయి. అడ్డం, నిలువు రెండూ ఉన్నాయి. నాటకం వీడియోలో ట్యూబులైట్ల కింద నల్లని పట్టీలు పాకుతున్నాయి. దానికి కారణం కూడా 50 హెర్ట్జే. ఆ కరెంటు మీద ట్యూబులైటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కెమెరా షట్టరు సెకనులో యాభయ్యోవంతు తెరుచుకుంటే ప్రతిసారీ సరిగ్గా రెండు హెచ్చుతగ్గులు పడతాయి. అరవయ్యోవంతు తెరుచుకుంటే లెక్క కుదరదు, పట్టీలు పడతాయి. దీన్ని కూర్పులో బాగుచేయడం బహు కష్టం. తీసేటప్పుడే సరిచూసుకోవాలి.

రాబోయే ఏడు ఈ పని చేయబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా అనుభవం ఇది:

1. తీయకముందే అందరూ ఒక మాట అనుకోండి. ఫోను అడ్డంగా పట్టుకోవాలి, అందరిదీ ఒకే ఫ్రేమ్ రేటు ఉండాలి. వీలైన ఫోన్లలో 25, షట్టరు యాభయ్యోవంతు. 25 లేని ఫోన్లే ఎక్కువైతే అందరూ 30 పెట్టుకోండి, షట్టరు మాత్రం యాభయ్యోవంతే ఉంచండి.

2. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవులో ఇవ్వండి.

3. ప్రతి ముక్కనూ మీడియాఇన్ఫోలో చూసి, నోటుపుస్తకంలో కోడెక్, నడక, ఆకారం రాసుకోండి.

4. మారే ఫ్రేమ్ రేటు ఉన్నవాటిని ముందే స్థిరం చేసుకోండి.

5. టైమ్‌లైన్ నడక, ఆకారం మొదటే నిర్ణయించండి.

6. కూర్పు పూర్తయ్యాక చివరి నిమిషాన్ని తప్పక చూడండి. మాట తేడా బయటపడేది అక్కడే. 29.97 ముక్కను 30గా నడిపితే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది. మొదటి నిమిషంలో అది ఎవరికీ కనబడదు.

7. అసలు ముక్కల్ని ఎన్నటికీ చెరపకండి. చేసే మార్పులన్నీ నకలు మీదే చేయండి.

ఈ ఏడింటిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఏడోది గుర్తుంచుకోండి. మిగతా ఆరూ తప్పినా మళ్ళీ చేసుకోవచ్చు. మా క్యాసెట్టు తిరిగి ట్రంకుపెట్టెలోకి వెళ్ళింది. దాని నకళ్ళు రెండు వేరువేరు ఇళ్ళలో ఉన్నాయి. మీ ఇళ్ళలోనూ ఇలాంటి క్యాసెట్లు అటకల మీద ఉండే ఉంటాయి. వాటి అయస్కాంతపు పూత ఏటేటా బలహీనపడుతోంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వాటిని ఆడించే యంత్రాలు ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి అటక దులపండి. పట్నంలో ఇచ్చేటప్పుడు మాత్రం, తెర నిండకపోయినా ఫరవాలేదు, ఉన్నది ఉన్నట్టే ఇమ్మని చెప్పడం మరవకండి.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి